ట్రమడాల్ వేసుకుంటే ఫిట్స్ వస్తాయా?

అరుదుగానే అయినా, వస్తాయి. డాక్టర్ రాసిన మోతాదులో వాడినవారిలోనూ ఫిట్స్ వచ్చిన కేసులు నమోదయ్యాయి. మోతాదు దాటితే ముప్పు ఇంకా పెరుగుతుంది. పెద్దలకు రోజుకు గరిష్ఠ పరిమితి 400 మిల్లీగ్రాములు.

ఎవరికి ముప్పు ఎక్కువ?
మూర్ఛ ఉన్నవారికి, తలకు దెబ్బ తగిలినవారికి, మద్యం అలవాటున్నవారికి, డిప్రెషన్ మందులు వాడేవారికి. ఈ సంగతులు డాక్టర్‌కు ముందే చెప్పండి.

చీటీ లేకుండా కొనొచ్చా?
కుదరదు. 2018 నుంచి ట్రమడాల్ ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలో ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఎక్కడైనా మెడికల్ షాపులకు ఇదే నిబంధన. పారాసిటమాల్‌తో కలిపి కూడా ఈ మందు వస్తుంది. స్ట్రిప్ మీద పేరు చూసుకోండి. చాలా రోజులుగా వాడుతుంటే సొంతంగా ఒక్కసారే మానేయొద్దు.

ఫిట్స్ వస్తే?
పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏదీ వేయొద్దు. 108కి ఫోన్ చేసి, ఆసుపత్రికి స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి.