తాళం ఎవరిది?

ఇక్కడ గ్వెల్ఫ్‌లో మనవాళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న: “ఫైళ్ళని ఎన్‌క్రిప్ట్ చేసేస్తే వైరస్‌లు ఏమీ చెయ్యలేవు కదండీ?” జవాబు చరిత్రలోనే ఉంది.

1989 డిసెంబరులో ఎయిడ్స్ సమాచారం పేరుతో వేలాది ఫ్లాపీలు పోస్టులో పంచారు. వాటిని వేసుకున్న కంప్యూటర్లలో కొన్నాళ్ళకి ఫైళ్ళ పేర్లన్నీ గూఢలిపిలోకి మారిపోయేవి. విడిపించుకోవాలంటే 189 డాలర్లు పనామాలోని పోస్టుబాక్సుకి పంపాలట! 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీని ఉచితంగా ఇచ్చి, అదే విద్యని మామూలు మనిషి చేతిలో తాళంగా పెట్టాడు.

2017 మేలో వనాక్రై విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. మనం తాళం వేసిన పెట్టెకే దొంగ పైనుంచి తన తాళం ఇంకొకటి వెయ్యగలడు. పాస్‌వర్డ్ కొట్టి మనం తెరిచిన ఫైలుని, లోపల నక్కిన వైరస్ కూడా చదవగలదు. లాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకుపోతే ఎన్‌క్రిప్షన్ మన గుట్టు కాపాడుతుంది. ఫైలుని కాపాడేది మాత్రం రెండో కాపీయే.

నాన్నగారి ఉత్తరాల అసలు కాయితాలు కాకినాడ ఇంట్లో చెదల పాలయ్యాయి. మిగిలినవి స్కాన్‌లే. వాటిని ఎన్‌క్రిప్ట్ చేసి, ఒక కాపీ కంప్యూటర్‌కి తగిలించని డిస్కులో ఎక్కించి బీరువాలో ఉంచాను. పాస్‌వర్డ్ మా ఆవిడకీ తెలుసు. అది నాతోనే పోతే, ఆ ఉత్తరాలు పిల్లలకి ఇక దక్కవు.