ది బెల్లెరో షీల్డ్ (టెలివిజన్ ఎపిసోడ్)

అమెరికాలో ఏబీసీ టెలివిజన్ సంస్థ 1963-65 మధ్య ప్రసారం చేసిన 'ది ఔటర్ లిమిట్స్' అనే వైజ్ఞానిక కల్పనా ధారావాహికలో, మొదటి సీజన్‌కు చెందిన ఎపిసోడ్ 'ది బెల్లెరో షీల్డ్'. ఇది 1964 ఫిబ్రవరి 10న తొలిసారి ప్రసారమైంది. కథలో అపహరణ ప్రసక్తి ఎక్కడా లేకపోయినా, గ్రహాంతరవాసులు మనుషులను ఎత్తుకుపోయారన్న కథనాల చరిత్రలో దీని ప్రస్తావన అనివార్యమైంది. ప్రసారమైన పాతికేళ్లు దాటాక దీనిని మళ్లీ పరిశీలించినవారు, ఇందులోని అన్యలోక జీవికీ, అపహరణకు గురయ్యామన్న హిల్ దంపతుల ప్రసిద్ధ వాంగ్మూలానికీ పోలిక ఉందని చెప్పడమే అందుకు కారణం.

కథ, నిర్మాణం

హిచ్‌కాక్ చిత్రం 'సైకో'కు స్క్రీన్‌ప్లే సమకూర్చిన జోసెఫ్ స్టెఫానో దీనిని రచించగా, జాన్ బ్రామ్ దర్శకత్వం వహించారు. తండ్రి తన సంస్థ వారసత్వాన్ని ఇవ్వ నిరాకరించిన శాస్త్రవేత్తగా మార్టిన్ లాండౌ, అతని భార్య జుడిత్‌గా శాలీ కెల్లర్‌మన్, అన్యలోక జీవిగా జాన్ హోయ్ట్ నటించారు. శాస్త్రవేత్త ఆకాశంలోకి ప్రయోగించిన లేజర్ కిరణాన్ని, అంటే అప్పటికి నాలుగేళ్ల క్రితమే తొలిసారి సాధ్యమైన ఏకవర్ణ కాంతిపుంజాన్ని పట్టుకొని ఆ జీవి ప్రయోగశాలలోకి దిగుతుంది. ఏ ఆయుధమూ ఛేదించలేని పారదర్శక కవచాన్ని తన చుట్టూ నిలుపుకొంటుంది. ఆ కవచాన్ని భర్త ఆవిష్కరణగా చూపి పదవి సంపాదించాలన్న ఆశతో జుడిత్ ఆ జీవిని చంపబూని, చివరకు తానే కవచంలో చిక్కుకుపోతుంది. కొన ఊపిరితో ఉన్న జీవి తన శరీర ద్రవంతో కవచాన్ని తొలగించినా, మతి చెదిరిన ఆమె లేని గోడను తడుముతూనే ఉంటుంది. ఈ పాత్రలో షేక్‌స్పియర్ లేడీ మాక్‌బెత్ ఛాయలను విమర్శకులు గుర్తించారు.

హిల్ దంపతుల ఉదంతం

న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌కు చెందిన బార్నీ హిల్ తపాలా ఉద్యోగి, ఆయన భార్య బెట్టీ సాంఘిక సంక్షేమ ఉద్యోగిని. 1961 సెప్టెంబరు 19-20 రాత్రి కెనడా నుంచి కారులో తిరిగివస్తుండగా, వైట్ మౌంటెన్స్ ప్రాంతంలో ఒక వెలుగు తమను వెంబడించిందని వారు చెప్పారు. తరువాత వచ్చిన కలలను బెట్టీ అదే ఏడాది రాసిపెట్టుకున్నారు. వాటిలో పరీక్షల కోసం తమను ఒక వాహనంలోకి తీసుకువెళ్లిన దృశ్యం ఉంది. 1964 జనవరి నుంచి జూన్ వరకు బోస్టన్ మానసిక వైద్యుడు బెంజమిన్ సైమన్ ఇద్దరినీ విడివిడిగా వశీకరణ నిద్రలో, అంటే సూచనకు మనసు సులభంగా లొంగే స్థితిలో, ప్రశ్నించారు. ఫిబ్రవరి 22నాటి విచారణలో బార్నీ, తాను చూసిన జీవికి కనుకొలకులు కణతల వైపు సాగిన కళ్లు ఉన్నాయని వర్ణించి, ఆ కళ్లే తనతో మాట్లాడుతున్నాయన్న అర్థంలో చెప్పారు. జాన్ జి. ఫుల్లర్ రాసిన 'ది ఇంటరప్టెడ్ జర్నీ' 1966లో వెలువడడంతో ఈ ఉదంతం దేశవ్యాప్తమైంది.

పోలిక, వివాదం

ఎపిసోడ్ ప్రసారానికీ ఫిబ్రవరి 22నాటి ఆ విచారణకూ మధ్య వ్యవధి 12 రోజులే. మార్టిన్ కాట్‌మైయర్ 1990లో బ్రిటిష్ పత్రిక 'మగోనియా'లో ఈ సంగతిని ఎత్తిచూపారు. ఎపిసోడ్‌లోని జీవికీ అటువంటి సాగిన కళ్లే ఉన్నాయనీ, అది కూడా ఎదుటివారి కళ్లను చదివి భాష గ్రహించినట్లు చెబుతుందనీ, బెట్టీ కలల్లో లేని ఈ రూపం బార్నీ వాంగ్మూలంలోకి టెలివిజన్ నుంచి వచ్చి ఉంటుందనీ ఆయన వాదించారు. అయితే, అటువంటి ధారావాహిక పేరే తాను వినలేదని బెట్టీ చెప్పినట్లు నమోదై ఉంది. బార్నీ 1969లోనే మరణించినందున ఆయనను అడిగే అవకాశం కాట్‌మైయర్ నాటికి లేదు.

సైమన్ అభిప్రాయం వీటికి భిన్నం: దంపతులు అబద్ధమాడలేదు గాని, అపహరణ వృత్తాంతం బెట్టీ కలల నుంచి పుట్టి, ఆమె మాటల ద్వారా బార్నీ మనసులో నాటుకొని ఉండవచ్చునని ఆయన భావించారు.

తరువాతి చరిత్ర

ఈ ఉదంతం ఆధారంగా తీసిన 'ది యూఎఫ్ఓ ఇన్సిడెంట్' అనే టెలివిజన్ చిత్రాన్ని ఎన్‌బీసీ 1975 అక్టోబరు 20న ప్రసారం చేసింది. బార్నీగా జేమ్స్ ఎర్ల్ జోన్స్, బెట్టీగా ఎస్టెల్ పార్సన్స్ నటించారు. ఆ తరువాత రెండు వారాలకే, నవంబరు 5న, అరిజోనాలో ట్రావిస్ వాల్టన్ అనే వ్యక్తి అపహరణకు గురయ్యాడన్న ఉదంతం చోటుచేసుకోవడం కూడా టెలివిజన్ ప్రభావంపై చర్చకు తావిచ్చింది. హిల్ దంపతుల పత్రాలు ప్రస్తుతం న్యూ హ్యాంప్‌షైర్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి.

మూల్యాంకనం

వెలుగు వెంబడించడం, వాహనంలో పరీక్షలు వంటి ప్రధానాంశాలు 1961లోనే నమోదై ఉన్నందున, 1964లో ప్రసారమైన ఎపిసోడ్ వాటికి మూలం కాజాలదు. కళ్ల వర్ణన విషయంలో మాత్రం రూపసామ్యం, కాలసామీప్యం రెండూ కొట్టివేయదగినవి కావు. కాని బార్నీ ఆ ఎపిసోడ్ చూశారనడానికి ప్రత్యక్ష సాక్ష్యం లేదు. కాబట్టి మొత్తం వృత్తాంతానికి సైమన్ వివరణే ఎక్కువ సమంజసంగా కనిపిస్తుంది. 'ది బెల్లెరో షీల్డ్'ను అందులోని ఒక్క వర్ణనకు సంభావ్య మూలంగా మాత్రమే పరిగణించడం ఉచితం.