సీ అర్చిన్ పిల్లల్లో దవడ పుట్టుక: పరిశీలనల చరిత్ర

పెరిగిన సీ అర్చిన్ దవడ 40 సున్నపు ముక్కల కూర్పు. పళ్లు ఐదు; ఒక్కో పంటికి ఇరుపక్కలా కాపుగా నిలిచే అర్ధ పిరమిడ్లు పది; వాటి తలల మీద ఎపిఫైసిస్‌లు పది; నడుమ రోట్యులాలు ఐదు; అన్నిటికీ పైన ఐదు కంపాస్‌లు, రెండేసి ముక్కలుగా. క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ ఈ ఐదు పళ్లను వర్ణించాడు. అందుకే దవడకు అరిస్టాటిల్ లాంతరు అని పేరు.

పెద్ద జీవిని ఎంత కోసి చూసినా ఈ ముక్కలు ఎలా పుట్టాయో అంతుపట్టదు. 1840లలో యోహానెస్ ముల్లర్ ఉత్తర సముద్రంలోని హెల్గోలాండ్ దగ్గర సీ అర్చిన్ల తొలి పిల్లదశ అయిన ప్లూటియస్ డింభకాలను పట్టి పరిశీలించాకే అసలు దారి తెరుచుకుంది. 1903లో మెక్‌బ్రైడ్ ఎకైనస్ ఎస్క్యులెంటస్ అనే సీ అర్చిన్ అభివృద్ధిని వివరించాడు. పళ్లకు చోటిచ్చే సంచులు డింభకపు ఎడమవైపు శరీరకుహరం నుంచి ఉబ్బి వస్తాయని అందులో తేలింది. ఐదు దిక్కులా సమంగా ఉండే నోటికి పునాది ఒక్క పక్కనే పడటం నిజంగా అబ్బురమే.

1909లో అలెగ్జాండర్ అగాసీ మరో వింత బయటపెట్టాడు. పెద్దయ్యాక పళ్లే కనిపించని ఎకైనోనియస్ అనే సీ అర్చిన్‌కు చిన్నతనంలో పళ్లూ లాంతరూ రెండూ ఉంటాయి. పిల్లను చూడకుండా జాతుల చుట్టరికం తేల్చడం ఎంత ప్రమాదమో దీంతో స్పష్టమైంది.

లాంతరు సున్నపు భాగాల ఎదుగుదల మీదే పూర్తిగా దృష్టి పెట్టిన వ్యాసం 1922లో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వచ్చింది. రాసినవారు డి. డబ్ల్యు. దేవనేశన్, ఎంచుకున్న జీవి ఎకైనస్ మిలియారిస్. తర్వాత ఆయన మద్రాసు మత్స్యశాఖలో పనిచేశారు. చరిత్రలో ఆ వ్యాసానికి దక్కినదానికన్నా పెద్ద చోటే దక్కాలి.

డింభకం పిల్ల అర్చిన్‌గా మారే రూపవిక్రియ ముగిసేసరికి పిల్ల అర మిల్లీమీటరు ఉంటే గొప్ప. కొద్ది రోజులపాటు దానికి తెరిచిన నోరే ఉండదు. డింభకదశలో దాచుకున్న పోషకాలతో నెట్టుకొస్తుంది. ఈలోగా లాంతరు రూపు దిద్దుకుంటుంది. ఒక్కో పన్ను రెండు వరుసల పలుచని త్రికోణపు పలకలుగా మొదలవుతుంది. పలకలు ఒకదానిలో ఒకటి ఒదుగుతూ పెరుగుతాయి. పంటికి అటూ ఇటూ చిన్న సున్నపు ముల్లు మొలిచి, కొమ్మలు వేసి, జల్లెడలా అల్లుకుని అర్ధ పిరమిడ్ అవుతుంది.

పెద్దయ్యాక కూడా పంటి కొన అరుగుతూనే ఉంటుంది; లోపలి చివర వారానికి సుమారు 1 మిల్లీమీటరు కొత్తగా చేరుతుంది. 2009లో కాలిఫోర్నియా ఊదారంగు అర్చిన్ పంటిలో ఆ లోపలి చివరనే పరీక్షించి, సున్నం ముందు స్ఫటికరూపం లేని కాల్షియం కార్బొనేట్‌గా ఏర్పడి, తర్వాతే కాల్సైట్‌గా మారుతుందని పరిశోధకులు చూపించారు.