భివండీ సాంచాలు

ముంబాయికి ఈశాన్యమున, ఆగ్రా రాజమార్గముపై నున్న భివండీ పట్టణమునందు పద్మనగరమను తెలుగు పేట యొకటి గలదు. 1857 తిరుగుబాటు పిదప ఉత్తరదేశమునుండి తరలివచ్చిన మోమిన్ నేతగాండ్రు మగ్గముల యూరుగా తీర్చిన ఆ పట్టణమునకే, కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు సీమలనుండి బ్రదుకుదెరువు వెదకికొనుచు మన పద్మశాలీలును చేరిరి.

ఈ యుభయులకును అన్నము పెట్టిన యంత్రము సాదా మరమగ్గము. మనవారి వాడుకలో సాంచా. దాని వంశము 1842లో ఇంగ్లండున కెన్‌వర్దీ, బుల్లో అనువారు రూపొందించిన లంకాషైరు మగ్గమునకు చెందును. ముంబాయి మిల్లులు విసర్జించిన పాత మగ్గములు భివండీ షెడ్లలో మరల ప్రాణము పోసికొన్నవి. దాని నిర్మాణమున రహస్యమనునది లేదు; విరిగిన ఇనుపభాగమును సమీపపు ఫౌండ్రీ పోతపోయును, చెక్కభాగమును వడ్రంగి చెక్కును, జాబరను మగ్గపు మిస్త్రీ బిగించును.

పడుగు రెండుగా విచ్చుకొనగనే కఱ్ఱదెబ్బకు నాడె ఈ పెట్టెనుండి ఆ పెట్టెకు దుముకును. పలక వచ్చి పేకను గ్రుద్ది బిగించును. కండె అయిపోయిన క్షణమున నేతగాడు సాంచా నాపి, క్రొత్త కండె నాడెలో దూర్చి, దారపుకొస కన్నమునుండి తీసి, మరల పిడి లాగును. దారము మోటైనను సన్ననిదైనను నాడె దానిని తన కడుపున మోసికొనిపోవును గనుక సాంచాకు దాదాపు ప్రతి నూలును పనికివచ్చును. ఆ నాడెయే బరువైన చెక్కముక్క గనుక, దానిని విసరి, ఆపి, మరల విసరవలసియుండుటచే, నిమిషమునకు 100 నుండి 150 పోగులను మించి నేయుట దుస్సాధ్యము. ఔదార్యమును మందగమనమును ఒక్క నాడెనుండియే పుట్టినవి. గాలితో పేకను విసరు ఎయిర్‌జెట్ మగ్గమున నాడెయే లేదు. 600 పోగులు దాటుట దానికి సామాన్యమైనను, సమమైన నూలును, ఎడతెగని విద్యుత్తును లేనిదే అది నడువదు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున ముంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగగా, మిల్లుల పని మరమగ్గములకు ప్రవహించినపుడు, దాదాపు ఏ నూలునైనను నేయగల ఈ గుణమును భివండీని ఆదుకొన్నది.

అన్నిటిని ఆదరించినచో వేగము తగ్గునను ఈ సంకటము కంప్యూటరు లోకమునకును తెలియును. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఇంటెల్ 386 చిప్పుపై ఆరంభించిన లినక్స్, ఆయా పరికరముల నడుపు భాగములను విడివిడి మాడ్యూళ్లుగా నుంచి, పరికర మున్నచోటనే వానిని పిలుచుకొని, విస్తృతిని సాధించియు వేగమును కాపాడుకొనెను. అయినను 386 కొఱకు నిలిపిన పాత భాగములు ప్రతి మార్పునను అదనపు శ్రమ తెచ్చిపెట్టుటచే, 2012 డిసెంబరున తాను పుట్టిన చిప్పునే అది విడిచినది. పాత ప్రతులు మాత్రము అందఱికిని అందుబాటుననే యున్నవి. కావలసినవాడు నేటికిని నడుపుకొనవచ్చును. న్యాయమైన వీడ్కోలు ఇట్టిదని నా విశ్వాసము.

సాంచాకు ఇట్టి వీడ్కోలు దొరకలేదు. 1999 ఏప్రిల్‌లో ఆరంభమైన కేంద్రప్రభుత్వపు సాంకేతికోన్నతి నిధి పథకము క్రొత్త యంత్రముల ఋణముపై 5 శాతము వడ్డీని భరించినది. కాని ఎనిమిది సాంచాల యజమానికి ఆ వడ్డీకంటె ముందు కావలసినవి ఎగుడుదిగుడు లేని నూలును, మధ్యాహ్నమున ఆగని కరెంటును.