పుట్టుకతో వచ్చే అధివృక్క అతివృద్ధి: చికిత్సా చరిత్ర

అధివృక్క గ్రంథులు మూత్రపిండాలపైన టోపీల్లా అమరి ఉంటాయని మీకు తెలుసు. ఇవి కార్టిసాల్‌ను, శరీరంలో ఉప్పును నిలిపి ఉంచే ఆల్డోస్టిరోన్‌ను తయారుచేస్తాయి. కొందరు శిశువుల్లో ఇందుకు కావలసిన ఎంజైమ్ పుట్టుకతోనే లోపిస్తుంది. ఎక్కువ మందిలో లోపించేది 21-హైడ్రాక్సిలేజ్. కార్టిసాల్ తగ్గగానే పీయూష గ్రంథి ఏసీటీహెచ్ హార్మోన్‌ను అధికంగా విడుదల చేసి అధివృక్క గ్రంథిని ప్రేరేపిస్తుంది. గ్రంథి పెరుగుతుంది, కాని కార్టిసాల్‌కు బదులు పురుష హార్మోన్లు ఎక్కువవుతాయి. తీవ్రమైన రకంలో ఉప్పు మూత్రంలో పోయి, పుట్టిన కొద్ది వారాల్లోనే ప్రాణాపాయం కలుగుతుంది.

1940లో అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన వైద్యుడు లాసన్ విల్కిన్స్, సహ పరిశోధకుడు రిక్టర్‌తో కలిసి మూడున్నరేళ్ల బాలుడి ఉదంతాన్ని ప్రచురించాడు. ఆ బాలుడు ఇంట్లో ఉప్పును విపరీతంగా తినేవాడు. ఆసుపత్రిలో మామూలు ఆహారం పెట్టగా వారం రోజుల్లో చనిపోయాడు. ఉప్పు మీది ఆ కోరికే అతన్ని అంతకాలం బతికించిందని తరువాత అర్థమయింది.

అప్పటికి సరైన మందు లేదు. గ్రంథిలో కొంత భాగాన్ని కోసి తీసివేసినా ఫలితం దక్కలేదు. 1948లో హెంచ్, కెండాల్ బృందం కార్టిసోన్‌ను కీళ్లవాత రోగికి ఇచ్చింది. ఎద్దు పిత్తరసం నుంచి తయారయ్యే ఆ మందు అప్పట్లో చాలా అరుదు. 1950లో విల్కిన్స్ బాల్టిమోర్‌లోనూ, బార్టర్ బృందం బోస్టన్‌లోనూ వేర్వేరుగా దానిని ఈ వ్యాధికి వాడారు. అతిగా పనిచేస్తున్న గ్రంథికి మరో హార్మోన్ ఇవ్వడం వింతగా తోచవచ్చు. కాని లోపించిన హార్మోన్ బయటి నుంచి అందగానే ఏసీటీహెచ్ తగ్గింది, పురుష హార్మోన్లూ తగ్గాయి.

కార్టిసోన్ ఒక్కటే ఉప్పు నష్టాన్ని పూర్తిగా ఆపలేదు. 1954లో ఫ్రీడ్, సాబో వెల్లడించిన ఫ్లూడ్రోకార్టిసోన్ వర్గపు మందు ఆ లోటు తీర్చింది. 1977లో సోంగ్యా పాంగ్ బృందం, కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కతో నవజాత శిశువుల్లో వ్యాధిని గుర్తించే పద్ధతిని ప్రకటించింది. దీనితో ప్రాణాపాయం రాకముందే మందు మొదలుపెట్టే వీలు కలిగింది.

అయితే ఒక చిక్కు మిగిలింది. మోతాదు తక్కువైతే పురుష హార్మోన్లు పెరుగుతాయి. ఎక్కువైతే పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది. 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన క్రినెసర్‌ఫాంట్, ఏసీటీహెచ్‌ను తగ్గించి స్టెరాయిడ్ మోతాదు తగ్గించుకునే వీలు కల్పిస్తుంది. అది స్టెరాయిడ్‌కు ప్రత్యామ్నాయం కాదు. జ్వరం, శస్త్రచికిత్స వంటి సమయాల్లో వైద్యుని సలహాతో మోతాదు పెంచాలి గాని మాత్ర ఎప్పుడూ మానకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: అతిగా పెరిగిన గ్రంథిని హార్మోన్ ఇచ్చి ఎలా అదుపు చేయవచ్చు? మీ మాటల్లో వివరించండి.