గుట్టు నేర్పే చదువు

మొన్న శనివారం స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్ళాం. వాళ్ళమ్మాయి నర్సింగు చదువుతోంది. సోమవారం నుంచి ఆస్పత్రిలో ఇంటర్నుగా చేరాలట. ఆ లోగా కంప్యూటరు ముందు కూర్చుని ఓ ఆన్‌లైను పాఠం పూర్తి చెయ్యాలి: ఆస్పత్రిలో ఎలా మసలుకోవాలి, రోగుల వివరాలు ఎలా దాచాలి, చివర్లో పరీక్ష. నేను పప్పులో నెయ్యి వేసుకునేలోగా పిల్ల పది పేజీలు దాటేసింది.

"నూటికి నూరొచ్చాయి అంకుల్!" అంటూ సర్టిఫికెట్టు చూపించింది.

"ఏం నేర్చుకున్నావమ్మా?"

"పేషెంటు పేరు ఎవరికీ చెప్పకూడదు. అంతే కదంకుల్!"

ఆ "అంతే" దగ్గర నాకు ముద్ద దిగలేదు. ఎందుకంటే ఇలాంటి పాఠాలకి తెర వెనక ప్రోగ్రాము రాసిన పాపంలో నాకూ కొంత వాటా ఉంది. ముప్ఫై సెకన్లు గడిస్తే గాని నెక్స్ట్ బొత్తాం పనిచెయ్యకుండా కట్టడి చేసినవాళ్ళలో నేనొకణ్ణి. (ఆ ముప్ఫై సెకన్లూ జనం పక్క కిటికీలో ఆటల స్కోర్లు చూసుకునేవారని తరవాత తెలిసింది.)

అసలు ఈ పాఠం ఎలా పుట్టిందో చెబుతాను. 1996 ఆగస్టు 21న క్లింటను సంతకం పెట్టిన చట్టం హిప్పా. గోప్యత దాని మొదటి ఉద్దేశం కాదు. ఉద్యోగం మారినా ఆరోగ్య బీమా పోకుండా చూడడం, బిల్లుల లావాదేవీలన్నీ ఒకే పద్ధతిలో కంప్యూటర్లకి ఎక్కించడం, ఇవీ ముఖ్యం. మరి కంప్యూటరుకెక్కిన రోగి గుట్టు మాటేమిటి? 1999 ఆగస్టులోగా దానికో చట్టం చెయ్యాలని కాంగ్రెసు తనకి తానే గడువు పెట్టుకుంది. గడువు దాటింది, చట్టం రాలేదు. దాంతో ఆ పని కేంద్ర ఆరోగ్య శాఖ నెత్తిన పడింది. 2000 డిసెంబరులో నియమాలొచ్చాయి, 2002లో సవరించారు, 2003 ఏప్రిల్ 14 నుంచి ఆస్పత్రులు పాటించక తప్పలేదు.

ఆ నియమాల్లో "సిబ్బంది" అన్న మాటకి అర్థం చూడండి. జీతగాళ్ళే కాదు, ఊరికే సాయం చేసేవాళ్ళు, పని నేర్చుకుంటున్న విద్యార్థులు కూడా సిబ్బందే. అందరికీ వాళ్ళ పనికి తగినంత నేర్పాలి, నేర్పినట్టు రాసి పెట్టుకోవాలి. ఇంతమందిని గడువులోగా తరగతి గదిలో కూర్చోబెట్టడం ఎవరి తరం? అందుకని ఆన్‌లైను పాఠాలు చాలాచోట్ల దిగాయి, మా బోటివాళ్ళకి పని దొరికింది. రాసి పెట్టుకోవడం కంప్యూటరు బ్రహ్మాండంగా చేస్తుంది. నేర్పడం సంగతే అనుమానం.

"పేరు చెప్పకపోతే చాలు" అన్న నమ్మకం ఈ నియమాలకంటే ముందే బద్దలైంది. మసాచుసెట్స్‌లో రాష్ట్ర ఉద్యోగుల బీమా చూసే సంస్థ పేర్లూ చిరునామాలూ తీసేసి ఆస్పత్రి రికార్డుల్ని పరిశోధకులకి ఇచ్చింది. ఎవరికీ ఇబ్బంది లేదని అప్పటి గవర్నరు విలియం వెల్డు భరోసా ఇచ్చాడు. ఎం.ఐ.టి.లో చదువుకుంటున్న లటన్యా స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి ఊరి ఓటర్ల జాబితా కొంది. వెల్డు పుట్టినరోజే ఉన్నవాళ్ళు ఆ జాబితాలో ఆరుగురు. వాళ్ళలో మగవాళ్ళు ముగ్గురు. ఆయన జిప్ కోడులో ఉన్నది ఒక్కడే. 1997లో గవర్నరుగారి వైద్య రికార్డు ఓ విద్యార్థిని చేతికి చిక్కిందన్నమాట. తరవాత నియమాల్లో, వివరాల్లోంచి తీసేయాల్సినవి పద్దెనిమిది రకాలని జాబితా పెట్టారు. పేరు అందులో ఒకటి మాత్రమే.

పేరు లేకపోయినా కొంప మునగొచ్చనడానికి ఇంకో కథ. 2010 నవంబరులో కాన్సస్ రాష్ట్రంలో జాన్సన్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ నర్సింగు విద్యార్థినులు నలుగురు ఓ ఆస్పత్రిలో పాఠానికి వెళ్ళారు. కాన్పు తరవాత పడిన మాయతో, టీచరుని అడిగే, ఫొటోలు దిగి ఫేస్‌బుక్కులో పెట్టారు. తల్లి పేరు లేదు, ఆనవాలు లేదు. అయినా కాలేజీ నలుగురినీ తీసేసింది. ఒకమ్మాయి కోర్టుకెళ్తే 2011 జనవరిలో ఫెడరల్ జడ్జి తిరిగి చేర్చుకోమన్నాడు. శిక్ష మరీ పెద్దదే అనుకుందాం. కానీ ఆ ఫొటో ఆ తల్లి కంటబడితే? తప్పో ఒప్పో తేల్చడానికి కోర్టు దాకా వెళ్ళవలసి వచ్చిందంటే, ఆ సంగతి పాఠంలో సరిగ్గా చెప్పలేదనేగా!

మూడోది మన వలస జీవులకి దగ్గరిది. చైనాలో డాక్టరీ చేసి వచ్చిన ఒకాయన 2003లో లాస్ ఏంజిలస్‌లోని యు.సి.ఎల్.ఎ.లో పరిశోధకుడు. ఉద్యోగం పోయే వేళ పై అధికారి రికార్డూ, సహోద్యోగుల రికార్డులూ, ఆపైన సినిమా తారల రికార్డులూ తెరిచి చూశాడు. అమ్ముకున్నాడని ఎవరూ అనలేదు. చూశాడు, అంతే. 2010లో నాలుగు నెలల జైలు పడింది. అది నేరమని తెలియదన్న వాదన 2012లో అప్పీలు కోర్టులో కూడా చెల్లలేదు.

ఇక నా కథ. ఒక ఆస్పత్రిలో కాంట్రాక్టు చేస్తున్నాను. ఏ ఊరో, ఏ ఏడో చెప్పను. ఎందుకో వెల్డు కథ విన్నాక మీకే తెలుసు. పరీక్షించడానికి అసలు రికార్డులే వాడుతున్నాం. ఒకరోజు తెరమీద తెలిసిన ఇంటిపేరు కనపడింది. పరదేశంలో మనవాళ్ళ పేరు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది కదా! నా పనికి అక్కర్లేకపోయినా తెరిచాను. చదివాను. ఆ ఆదివారం గుళ్ళో ఆయన ఎదురైతే, అభిమానం కొద్దీ, "ఒంట్లో ఎలా ఉందండీ ఇప్పుడు?" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. "నాకేమండీ, బాగానే ఉన్నాను" అని ప్రసాదం తీసుకోకుండానే వెళ్ళిపోయారు. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదని చాలాకాలం తరవాత అర్థమైంది.

అప్పటికి నా హిప్పా సర్టిఫికెట్టు మీద కూడా నూటికి నూరే ఉంది. మన ఊళ్ళలో ఎవరికైనా బాగోలేదంటే వెళ్ళి అడగడం మర్యాద, అడక్కపోతే నిష్ఠూరం. ఆ మర్యాదే ఇక్కడ ద్రోహం ఎలా అవుతుందో ఏ పేజీలోనూ లేదు. ఉండాల్సింది అదే అని నా అభిప్రాయం. నోరు మూసుకోవడం తరవాతి సంగతి. పనికి అక్కర్లేనిది తెరవకపోవడం ముందు నేర్పాలి. దానికి నెక్స్ట్ బొత్తాం చాలదు. ఇలా తప్పు చేసినవాడెవడో ఎదురుగా కూర్చుని, వీడియోలోనైనా సరే, చెప్పాలి.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. శ్రద్ధగా వింది. కళ్ళు పెద్దవి చేసి, గొంతు తగ్గించి అడిగింది:

"ఎవరంకుల్ ఆయన? మాకు తెలుసా?"

నేను నవ్వేసరికి నాలిక్కరుచుకుంది. సర్టిఫికెట్టు కిటికీ మూసేసి, పాఠం మళ్ళీ మొదటి పేజీ నుంచి తెరిచింది.