ఉస్తాద్ షేక్ దావూద్ ఖాన్: హైదరాబాద్ తబలాకు పెద్ద దిక్కు

ఉస్తాద్ షేక్ దావూద్ ఖాన్ (1916–1992) హైదరాబాద్‌లో స్థిరపడిన తబలా విద్వాంసుడు, గురువు. ఒక్క ఘరానాకే పరిమితం కాకుండా పలు ఘరానాల విద్య నేర్చి, దాన్ని శిష్యులకు పంచిన వారిగా ఆయనకు పేరుంది.

తాలీమ్

ఆయన పుట్టింది షోలాపూర్‌లో. కోహెడ ఉన్న పాత కరీంనగర్ జిల్లా నుంచి ఎందరో పద్మశాలీలు మగ్గం పని కోసం వలసపోయిన ఊరు అది. అక్కడ ఉస్తాద్ మహమ్మద్ ఖాసిం దగ్గర తబలా మొదలుపెట్టి, తర్వాత వేర్వేరు ఉస్తాదుల దగ్గర నేర్చుకున్నారు.

రేడియో కొలువు

హైదరాబాద్‌కు వచ్చి దక్కన్ రేడియోలో చేరారు. 1935 నుంచి నిజాం ప్రభుత్వం నడిపిన ఈ కేంద్రం 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. పాలన మారినా ఆయన తబలా ఆగలేదు. రేడియోలో తబలా వాయించే వాళ్లకు పని తేలిక కాదు. పొద్దున ఖయాల్, సాయంత్రం గజల్, మధ్యలో సితార్. ఖయాల్‌కు నిదానంగా ఏక్‌తాల్ 12 మాత్రల ఠేకా పట్టాలి, గజల్‌కు మెత్తగా దాద్రా వేయాలి. పాట ముందుండాలి, తబలా వెనకుండాలి. ఈ సంగత్‌లో దావూద్ ఖాన్ దిట్ట.

ఘరానాల సంగమం

ఢిల్లీ బాజ్‌లో రెండు వేళ్ల పని ఎక్కువ, దెబ్బ చాటీ మీద పడుతుంది. లక్నో, ఫరూఖాబాద్‌లలో అరచేయి తెరిచి గుంజాయిష్‌గా వాయిస్తారు. అజ్రాడాలో తిస్ర నడక ప్రత్యేకం. ఈ తేడాలు చెడకుండా, దేని రంగు దానికి ఉంచి వాయించడం అంత సులువు కాదు. ఆయన దగ్గర కాయదాలు, రేలాలు, గత్‌ల ఖజానా ఉండేదని సంగీతకారులు చెప్తారు.

గురువుగా

తబలా విద్య ఎక్కువగా నోటి మీదే నడుస్తుంది. బోల్ ముందు నోటితో పలకాలి, తర్వాతే చేతికి రావాలి. ఉస్తాద్ దాచుకుంటే ఆ బందిష్ ఆయనతోనే మట్టిలో కలుస్తుంది. ఈ ప్రమాదం వల్లే ఆయన బోధనకు అంత విలువ. కుమారుడు ఉస్తాద్ షబ్బీర్ నిసార్ తండ్రి దగ్గరే నేర్చుకుని ఆ బాట కొనసాగించారు.

కోహెడ వాళ్లకు ఎందుకు?

2016లో సిద్దిపేట జిల్లాలో కలిసిన కోహెడ వైపు పల్లెల్లో తాళం అంటే డప్పు, ఒగ్గు డోలు. పీర్ల పండుగకు హిందువులు, ముస్లింలు అదే డప్పు దరువుకు అడుగేస్తారు. డప్పును మంట మీద కాచి శ్రుతి తెస్తారు, తబలాను చిన్న సుత్తితో మీటి సరిచేస్తారు. పనిముట్టు వేరైనా పద్ధతి ఒకటే: పెద్దల దగ్గర కూర్చుని, విని, చేత్తో పట్టుకోవడం. దరువులు తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే తగ్గిపోతున్న ఊళ్లకు దావూద్ ఖాన్ జీవితం చెప్పేది ఇదే. ఉన్నప్పుడే నేర్చుకోవాలి, ఉన్నప్పుడే నేర్పాలి.